యుద్ధకాలపు చిల్లర బిళ్లలు

శాసనములు, తాళపత్రగ్రంథములు, నాణెములు అను మూడును చరిత్రకారునకు ముఖ్యసాధనములు. వీనిలో నాణెమునకు రాజముద్రయే ప్రాణము. ముద్ర లేనిచో నది వట్టి లోహఖండము. అయినను రాజాజ్ఞ యేమియు లేకయే, అంగడివారు తమకు దామే కొట్టించి, ప్రజలలో చెల్లించుకొనిన బిళ్లలును గొన్ని దేశములలో గలవు. యుద్ధములు సంభవించినపుడు ఇట్టివి తఱచుగా పుట్టుచుండును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధకాలమున వెలువడిన బిళ్ల లిందులకు బ్రసిద్ధమైన యుదాహరణము. వీనిని సేకరించుట మొదట వినోదమాత్రముగా నుండి, క్రమముగా నొక శాస్త్రమై పరిణమించినది.

ఈ బిళ్లల పుట్టుకకు గారణము చిల్లర కఱవు. యుద్ధవ్యయము పెరిగిపోవుటచే 1861 డిసెంబరు చివర న్యూయార్కు నగరమునందలి బ్యాంకులు కాగితమునకు బదులుగా బంగారము నిచ్చుట మానివైచినవి. అంతట జనులు మొదట బంగారు నాణెములను, 1862 వేసవినాటికి వెండి నాణెములను దాచుకొనసాగిరి. తుదకు రాగియు నికెలును గలిపి పోసిన సెంటు నాణెములు సైతము సంతలనుండి మాయమైనవి. లోకములో విలువ తగ్గు ద్రవ్యమును ఖర్చుపెట్టి, విలువ నిలుచు ద్రవ్యమును మూటగట్టుట సహజము. ఇందువలన ధనికునకు గలిగిన నష్టము స్వల్పము. రొట్టె కొనవలసిన కూలివానికిని, దానిని అమ్మవలసిన చిల్లర వర్తకునకును మాత్రము దినము గడచుట దుర్భరమయ్యెను.

ప్రభుత్వము 1862 జూలై 17వ తేదీని ఒక శాసనము చేసి, తపాలా బిళ్లలను చిల్లరగా వాడుటకు సమ్మతించెను. జిగురు పూసిన ఆ కాగితపు ముక్కలు చేతి చెమటకు అంటుకొనిపోయి, నలిగి, చినిగిపోవుచుండెను. జాన్ గాల్టు అను నాతడు తపాలా బిళ్లను గుండ్రని యిత్తడి గూటిలో నుంచి, పైన పలుచని అభ్రకపు రేకు గప్పు నుపాయమును గనిపెట్టి, 1862 ఆగస్టులో హక్కుపత్రమును బొందెను. గూటి వెనుకభాగమున వర్తకుల ప్రకటనలు చెక్కబడినవి. ఇవి చూడ ముచ్చటగా నుండినను, సాధారణ జనుల కొఱత తీర్చుటకు జాలినవి కావు.

అపుడు, 1862వ సంవత్సరము చివర, ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి మొదలగు పడమటి నగరములలో అంగడివారు తమ పేళ్లతో రాగి బిళ్లలను గొట్టించిరి. మఱుసటి సంవత్సరమున నీ యాచారము న్యూయార్కునకు ప్రాకి, ఉత్తరరాష్ట్రములలో వ్యాపించెను. బిళ్లలలో నధికభాగము 1863 అను సంవత్సరమునే ధరించియున్నవి. మొత్తము మీద రెండుకోట్ల యేబదిలక్షల బిళ్లలు వెలువడినట్లును, వానిలో పదివేలకు బైగా భేదము లున్నట్లును పరిశోధకుల యంచనా. దక్షిణరాష్ట్రములలో నిట్టివి మిక్కిలి యరుదు.

ఇవి ప్రధానముగా రెండు తెగలు. మొదటి తెగ దేశభక్తి బిళ్లలు. వీనిపై జెండా, డేగ, ఫిరంగి మొదలగు చిహ్నములును, దేశైక్యమును గొనియాడు వాక్యములును గలవు. రెండవ తెగ అంగడి బిళ్లలు. వీనిపై వర్తకుని పేరు, ఊరు, వృత్తి కానవచ్చును. కిరాణావారు, మాంసము నమ్మువారు, మందుల యంగడివారు, పానశాలలవారు మొదలగు పలువృత్తులవారు వీనిలో గనబడుదురు. ఇవి గాక, సేనను వెన్నంటి పోవుచు సైనికులకు సరకు లమ్ము వర్తకులు వేఱుగా నైదు, పది, ఇరువదియైదు సెంట్ల బిళ్లలను వాడిరి. ఏ దళమును ఏ వర్తకుడు వెన్నంటెనో వీనివలన దెలియుచున్నది.

కొన్ని బిళ్లలపై ‘ఒక సెంటు’ అను మాటలు పెద్ద యక్షరములతోను, వానికి బైన ‘కాదు’ అను నర్థమిచ్చు మాట చిన్న యక్షరములతోను ఉన్నవి. దూరమునుండి చూచువానికి సెంటు. దగ్గఱనుండి చదువువానికి సెంటు కాదు. రాజనాణెమును అనుకరించితివన్న నేరమునుండి తప్పించుకొనుట కిది యొక యుక్తి. ఇట్టి చమత్కారము 1837 ప్రాంతపు ఆర్థికసంక్షోభమునాటి బిళ్లలయందే కానవచ్చుచున్నది.

రాజముద్ర లేని బిళ్లకు విలువ దానిని వెలువరించినవాని మాటయందే యుండును. ఆ మాట తప్పినచో నేమగునో తెలుపు వృత్తాంత మొకటి ప్రసిద్ధము. న్యూయార్కునందు పానశాల నడపిన గస్టావస్ లిండెన్‌ముల్లరు పది లక్షలకు బైగా బిళ్లలను వెలువరించెను. వీథులలో బండ్లు నడుపు థర్డ్ ఎవెన్యూ రైలురోడ్డు సంఘమువారు వానిని ప్రయాణికులనుండి బాడుగగా స్వీకరించిరి. రాశి పెరిగినపిమ్మట వానిని మార్చి ధన మిమ్మని యడుగగా, ఆతడు నిరాకరించె నని చెప్పుదురు. ఆ సంఘమువారికి న్యాయస్థానమున దారి లేకపోయెను. ఏలయన, బిళ్లపై నెట్టి ప్రతిజ్ఞయు వ్రాయబడి యుండలేదు.

ఈ యనుభవము ప్రభుత్వమునకు రెండు పాఠములు నేర్పెను. మొదటిది, నాణెనిర్మాణము ప్రైవేటు చేతులలో నుండరాదనునది. రెండవది, పలుచని రాగి బిళ్లలను జనులు సంకోచింపక స్వీకరింతు రనునది. టంకశాలాధ్యక్షుడైన జేమ్స్ పోలకు రెండవదానిని గుర్తించి, నికెలు విడిచి కంచు వాడవలసినదని కోరెను. 1864 ఏప్రిలు 22వ తేదీని చేసిన శాసనమువలన 72 గ్రెయినుల సెంటు 48 గ్రెయినుల కంచు నాణెముగా మారెను. రెండు సెంట్ల నాణెమును బుట్టెను. అదే శాసనము ఒకటి, రెండు సెంట్ల బిళ్లలను ఇతరులు చేయరాదని నిషేధించెను. జూన్ 8వ తేదీ శాసనము నాణెములుగా జెల్లించుటకై యితరులు చేయు సమస్త లోహపు బిళ్లలకు నీ నిషేధమును విస్తరింపజేసెను. నిషేధింపబడిన బిళ్లయే నిషేధించిన ప్రభుత్వపు నాణెమునకు మాతృక యగుట విచిత్రము.

ఇక సేకరణవిషయము. 1924లో జార్జి హెట్రిచ్, జూలియస్ గుట్టాగ్ అను నిరువురు వీని కొక పట్టికను బ్రకటించిరి. పిదప తండ్రికొడుకులైన మెల్విన్ ఫుల్డు, జార్జి ఫుల్డులు ప్రతి యచ్చునకు నొక సంఖ్యను నిర్ణయించి, అంగడి బిళ్లలను రాష్ట్రము, ఊరు, వర్తకుడు అను క్రమమున నేర్పఱచిరి. లభ్యతను దెలుపుటకు పది మెట్లు గలవు. ఐదువేలకు మించి దొరకునవి మొదటిమెట్టు. లోకమున నొక్కటియే యున్నది పదియవ మెట్టు. 1967లో వీని పరిశోధనకై యొక సంఘమును స్థాపితమయ్యెను.

ఈ పద్ధతి పండితులకు క్రొత్తది కాదు. తాళపత్రప్రతులను బోల్చి చూచు రీతియే యిది. ఒకే వెనుక యచ్చు వేర్వేఱూళ్ల వర్తకుల బిళ్లలపై గనబడినచో, అవి యన్నియు నొకే పనివాని యొద్ద బుట్టినవని యూహింపవచ్చును. అచ్చునందు బీట పుట్టినచో, బీట లేనివి ముందువి, బీట పెరిగినవి తరువాతివి. లేఖకప్రమాదములును గలవు. జెండాను క్రిందికి లాగినవానిని అక్కడికక్కడనే కాల్చివేయు డని 1861 జనవరిలో జాన్ డిక్స్ పంపిన ఆజ్ఞను బల్కు బిళ్లలు కొన్నింటిపై, ‘స్పాట్’ అను చివరి మాటలో ఓ యను నింగ్లీషక్షరము రెండుమారులు పడినది. ఈ తప్పే నేడు ఆ యచ్చును గుర్తించుటకు సాధనము.

ప్రక్షిప్తములును లేకపోలేదు. ఆకాలముననే సేకరించువా రుండుటచే, పనివారు వారికొఱకై వెండితోను, ఇతర లోహములతోను బిళ్లలు కొట్టిరి. సంబంధములేని రెండచ్చులను గూర్చి యపూర్వవస్తువులని యమ్మిరి. ఇవి ఆనాటివే గాని, సంతలో దిరిగినవి కావు. అరుదైనదెల్ల ప్రమాణమని భ్రమించువాడు ఇచ్చట మోసపోవును. అరిగిపోయిన సామాన్యపు బిళ్లయే పలుచేతులు మారినదనుటకు నిజమైన సాక్షి. దానిని చింతపండుతోనో పొడితోనో తోమి మెఱుగుపెట్టుట తగదు. నూఱేండ్ల పైబడిన కాలము దిద్దిన రంగు పోయినచో మఱల రాదు. దొరకిన చోటు, చేతులు మారిన క్రమము వ్రాసి యుంచుట సేకరించువాని ప్రథమధర్మము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున మనదేశమునందును చిల్లర కొఱత గలిగి, రాగి పొదుపునకై 1943లో నడుమ రంధ్రముగల కానీ వెలువడెను. అది ప్రభుత్వమే చేసిన యేర్పాటు. అమెరికాలో నా పనిని అంగడివాడు చేసెను. యుద్ధచరిత్రలలో సేనాపతుల పేళ్లు నిలుచును. రొట్టెల యంగడివాని పేరు నిలువదు. ఆతని పేరు, ఊరు, వృత్తి చదువుటకు గొన్నియెడల నీ యంగుళము వెడల్పైనను లేని రాగి బిళ్లయొక్కటే మిగిలియున్నది. వీనిని భద్రపఱచి, వరుసపఱచినవారు వినోదముతోబాటు చరిత్రకును మేలు చేసినవారైరి.