ఇంటి కంప్యూటరు నత్తనడక ఎందుకు నడుస్తుంది?

(స్కార్‌బరో తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



ఈ రోజు కబుర్లు కంప్యూటరు గురించి. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. కాకినాడలో ఉన్న వాళ్ళ అక్కయ్యగారితో ప్రతి శనివారం పొద్దున్న కంప్యూటర్లో మాట్లాడుకుంటారు. 2022లో సంగతి. ఆవిడ కంప్యూటరు ఆన్ చేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. "కాస్త చూడు బాబూ" అని నన్ను పిలిచారు. ఏడేళ్ళ పాతదని వినగానే, "దీని పని అయిపోయింది పిన్నిగారూ, కొత్తది కొనేయండి" అని చెప్పేశాను. ఆవిడ పింఛను డబ్బులోంచి మూడువందల డాలర్లకు పైగా పెట్టి, సేల్‌లో ఒక చిన్న ల్యాప్‌టాప్ కొన్నారు. నాలుగు నెలలు తిరక్కుండా అదీ అదే వరస. వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. అప్పుడు సిగ్గుపడి, పాతదాని మూత తీసి చూశాను. మొదట చెయ్యవలసిన పని అది.

మూత కింద ఏం కనబడిందో తరవాత చెబుతాను. ముందు కంప్యూటరు వేగం దేని మీద ఆధారపడుతుందో చూద్దాం.

ఇక్కడ మనలో చాలామందికి బేస్‌మెంటులో పెద్ద ఫ్రీజరు ఉంటుంది కదా. గోంగూర, మునక్కాడలు, తురిమిన కొబ్బరి అన్నీ అందులోనే. పైన వంటగట్టు మీద మాత్రం ఆ పూట వంటకి కావలసినవే ఉంటాయి. కంప్యూటరూ అంతే. వంటచేసే మనిషి ప్రాసెసరు. వంటగట్టు ర్యామ్. కింద ఫ్రీజరు హార్డ్ డిస్కు. గట్టు విశాలంగా ఉంటే అన్నీ చేతికందుతాయి. గట్టు చిన్నదైతే, పోపు డబ్బా పెట్టుకోవడానికి కూరల పళ్ళెం కింద పెట్టి రావాలి. మళ్ళీ కూరలు కావాలంటే పోపు డబ్బా దించి వాటిని తెచ్చుకోవాలి. ఎంత చెయ్యి తిరిగిన వంటమనిషైనా మెట్లెక్కి దిగడంతోనే పొద్దు గడిచిపోతుంది.

ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు సరిగ్గా ఇదే చేస్తుంది. ర్యామ్‌లో ఉన్న సరుకు కొంత డిస్కు మీదకి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. దీన్ని పేజింగ్ అంటారు. ఈ రోజుల్లో బ్రౌజరులో పది పేజీలు తెరిస్తేనే 4 గిగాబైట్ల ర్యామ్ నిండిపోతుంది. మామూలు వాడకానికి 8 ఉండాలి, 16 ఉంటే నిశ్చింత.

మెట్లెక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందో లెక్క చూడండి. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు. పాతరకం హార్డ్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లు సరైన చోటికి చేరి, కావలసిన ముక్క దాని కిందకి వచ్చేసరికి 10 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే లక్ష రెట్లు! గట్టు మీద జీలకర్ర అందుకోవడానికి ఒక సెకను పడితే, ఫ్రీజరులోంచి తేవడానికి ఒక రోజు పైన పడుతుందన్న మాట. ఎస్‌ఎస్‌డి అనే కొత్తరకం డిస్కులో తిరిగే భాగాలేవీ ఉండవు. అదే లెక్కలో దానికి పావుగంట చాలు. అందుకే పాత కంప్యూటరుకి ఎస్‌ఎస్‌డి వేయించిన వాళ్ళు, దానికి కొత్త ప్రాణం వచ్చిందంటారు.

ఇక ప్రాసెసరు. కొట్లో మొదట చెప్పేది దీని గురించే. 3 గిగాహెర్ట్‌జ్ అంటే సెకనుకి 300 కోట్ల టిక్కులు. ఒకప్పుడు ఈ అంకె పెరిగినకొద్దీ వేగమూ పెరిగేది. 2004లో ఇంటెల్ వారి పెంటియమ్ 4 చిప్పు 3.8 దాకా వెళ్ళింది. 4 గిగాహెర్ట్‌జ్ రకం తెస్తామని చెప్పి, అదే ఏడు ఆ ప్రయత్నం మానుకున్నారు. కారణం వేడి. ఆ తరవాత ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలయింది. కోర్లంటే 401 హైవే మీద లేన్లలాంటివి. సాయంత్రం రద్దీలో లేన్లు ఎక్కువుంటే మేలే. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఒకే కారు పోతుంటే, పక్కన ఎన్ని లేన్లున్నా దాని వేగం పెరగదు. వీడియో కాల్‌కీ, బ్యాంకు పనికీ, పాటలకీ మధ్యరకం ప్రాసెసరు చాలు.

గ్రాఫిక్స్ కార్డుల మాటా అంతే. మన స్టీల్స్ అవెన్యూ దాటగానే వచ్చే మార్కమ్ కేంద్రంగా పనిచేసిన, 1985లో పుట్టిన ఏటీఐ కంపెనీ వీటికే ప్రపంచ ప్రసిద్ధి. 2006లో దాన్ని ఏఎమ్‌డి కొనుక్కుంది. ఆటలాడే పిల్లలకీ, వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకీ మంచి కార్డు కావాలి. మిగతావాళ్ళు దాని కోసం డబ్బు పొయ్యనక్కరలేదు.

ఎవరూ పట్టించుకోనిది దుమ్ము. చలికాలమంతా ఫర్నెస్ గాలి, కార్పెట్ నూగు. కంప్యూటరు ఫ్యాను వీటిని లోపలికి పీల్చుకుంటుంది. లోపల మరీ వేడెక్కితే ప్రాసెసరు కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ని దుప్పటి మీద పెట్టుకున్నా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు పిన్నిగారి పాత కంప్యూటరు దగ్గరికి వద్దాం. మూత తీస్తే ఫ్యాను మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది. ర్యామ్ 4 గిగాబైట్లు. డిస్కు పాతరకం. ఆన్ చెయ్యగానే డజను ప్రోగ్రాములు వాటంతటవే లేస్తున్నాయి. అందులో యాంటీవైరస్‌లే రెండు! ఒక కాపలావాణ్ణి ఇంకో కాపలావాడు సోదా చేస్తున్నట్టు. ప్రాసెసరు మాత్రం నిక్షేపంలా ఉంది. మరి కొత్త ల్యాప్‌టాప్? దాంట్లోనూ 4 గిగాబైట్లే. పైగా బోర్డుకే అతికించేశారు, పెంచడానికి లేదు. కొత్త ఇల్లు కొనుక్కున్నారు గానీ వంటగట్టు పెరగలేదు.

పాతదానికి ఎస్‌ఎస్‌డి వేసి, ర్యామ్ 8 చేసి, ఒక యాంటీవైరస్ తీసేశాను. అప్పట్లో అంతా కలిపి నూటయాభై డాలర్ల లోపే అయింది. శనివారం కాఫీ కలిపే లోపే అక్కయ్యగారు తెర మీదకి వచ్చేస్తున్నారు.

మీరూ ఇంట్లోనే చూసుకోవచ్చు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. కంప్యూటరు మొరాయిస్తున్న సమయంలోనే చూడండి. మెమరీ నిండిపోయి ఉంటే ర్యామ్ చాలడం లేదు. డిస్కు అదే పనిగా 100 శాతం చూపిస్తుంటే ఎస్‌ఎస్‌డి గురించి ఆలోచించండి. సీపీయూ నిండుగా ఉంటే ఏ ప్రోగ్రాము తింటోందో అక్కడే కనిపిస్తుంది. స్టార్టప్ అన్న చోట అక్కర్లేనివి ఆపెయ్యండి. మూడూ ఖాళీగా ఉన్నా పేజీ రావడం లేదంటే, అదే వైఫై మీద ఫోనుతో ప్రయత్నించండి. ఫోనూ నత్తనడకే అయితే తప్పు కంప్యూటరుది కాదు, ఇంటర్నెట్టుది. ఏ మార్పు చేసే ముందైనా ఫోటోలు వేరే చోటికి కాపీ చేసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ధర కనుక్కునే ముందుకి వెళ్ళండి.

ఒక మినహాయింపు చెప్పాలి. వేగం ఒకటే చూస్తే చాలదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు కావాలి. ఎంత చురుగ్గా నడిచినా పాత విండోస్ మీద బ్యాంకు పనులు చెయ్యడం ప్రమాదం. అందుకే పిన్నిగారి పాతదాంట్లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టాను. వారం రోజులు సణిగారు, తరవాత అలవాటు పడ్డారు.

ఇంకొకటి. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటరు నెమ్మదించింది, మేం బాగుచేస్తాం" అని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా తనంతట తానుగా ఇళ్ళకి ఫోన్లు చెయ్యదు. వాళ్ళకి కావలసింది మీ బ్యాంకు ఖాతా.

పిన్నిగారికి కొత్త ల్యాప్‌టాప్‌లో సగం డబ్బు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. "ఈసారి మూత తీసి చూసి, అప్పుడు చెప్పు బాబూ" అన్నారు, అంతే. అప్పటినుంచి ఎవరి కంప్యూటరు గురించీ మూత తియ్యకుండా మాట్లాడ్డం లేదు.

మళ్ళీ కలుద్దాం. అంతవరకూ సెలవు.