పసుపెక్కిన వీడియో గేమ్‌కు ఎండ వైద్యం

1990ల్లో బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు అటక దులిపితే, పాత పుస్తకాల కిందో, పనిచేయని మిక్సీ పక్కనో ఒక ప్లాస్టిక్ పెట్టె బయటపడొచ్చు. టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడుకున్న వీడియో గేమ్ అది. కొన్నప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు పైమూత ముదురు పసుపు, జాయ్‌స్టిక్‌లు లేత పసుపు. బోర్లిస్తే అడుగు మాత్రం ఇంకా తెలుపే. స్టిక్కర్ ఊడిన చోట ఆ స్టిక్కర్ ఆకారంలోనే పాత రంగు మిగిలి ఉంటుంది.

ఆ తెలుపును వెనక్కి తేవచ్చు. ప్రపంచమంతటా పాత గేములు పోగేసేవాళ్లు పదిహేనేళ్లకు పైగా అదే పనిలో ఉన్నారు. కావలసిందల్లా మందుల షాపులోనో, బ్యూటీ పార్లర్ సామాను అమ్మే చోటో దొరికే ఒక రసాయనం, ఆపైన ఎండ. ఎండకు మా గ్రానైట్ ఊరు చీమకుర్తిలో కరువేముంది! కాకపోతే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది సింగారమే తప్ప మరమ్మతు కాదు. పెట్టె పనిచేస్తుందో లేదో చూడకుండా తెలుపు కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ.

ఒంగోలు, అద్దంకి, చీమకుర్తి ఇళ్లలో ఆ రోజుల్లో తిరిగినవి చాలావరకు అసలు నింటెండో యంత్రాలు కావు. 1983 జులై 15న జపాన్‌లో విడుదలైన నింటెండో ఫ్యామికామ్ తరహాలో వచ్చినవి. రష్యాలో అలాంటిదే 1992లో డెండీ అన్న పేరుతో దిగి ఇంటింటికీ చేరింది. మన దగ్గర మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లు. లోపల పెట్టే ఆటను మనం క్యాసెట్ అనేవాళ్లం. అది ఆడకపోతే బయటికి తీసి ఉఫ్‌మని ఊదేవాళ్లం. ఆ ఊదుడు వల్ల నోటి తడి పిన్నులకు తగిలి తుప్పుకు దారితీస్తుందే తప్ప లాభం లేదు. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది, పిల్లలు వింటేగా!

తెలుపు ఎందుకు చెడుతుంది? గేమ్ పెట్టెలు, కీబోర్డులు, పాత కంప్యూటర్ల పైతొడుగులు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అక్రిలోనైట్రైల్, బ్యూటాడయీన్, స్టైరీన్ అనే మూడు పదార్థాల కలయిక అది. కిందపడినా పగలకుండా కాపాడేది అందులోని బ్యూటాడయీన్ రబ్బరు. ముందు చెడేదీ అదే. దాని అణువుల్లోని జంట బంధాల మీద అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి పనిచేస్తే నీలి కాంతిని మింగే కొత్త రసాయన గుంపులు పుడతాయి. నీలం తగ్గిన తెలుపు కంటికి పసుపుగా ఆనుతుంది.

మిర్చి రైతుకు ఈ గొడవ వేరే చెప్పక్కర్లేదు. కల్లంలో కాయ ఎండాల్సిందే, కానీ ఎండిన కాయకు వెలుతురు, వేడి, గాలి తగులుతూనే ఉంటే ఎరుపు పాలిపోతుంది, ధర పడిపోతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు లేచింది అందుకే. గేమ్ పెట్టెకు ఆ భోగం లేదు. అటక మీద చీకట్లో ఉన్నా, వేసవిలో శ్లాబు వేడికి దాని పసుపు పెరుగుతూనే ఉంటుంది.

చాలాకాలం నేరమంతా బ్రోమిన్ మీదికి నెట్టారు. మంట అంటుకోకుండా ఎలక్ట్రానిక్ వస్తువుల ప్లాస్టిక్‌లో బ్రోమిన్ సమ్మేళనాలు కలిపేవారు, అవే పసుపుకు కారణమన్నారు. మరి అలాంటి మందు అవసరం లేని తెల్ల లెగో ఇటుకలు కూడా పసుపెక్కుతున్నాయి కదా! అవీ ఏబీఎస్‌తో చేసినవే. కాబట్టి బ్రోమిన్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం కుదరదు. ప్లాస్టిక్ ఏ విడతలో తయారైందన్నదీ ముఖ్యమే. 1991లో అమెరికాలో వచ్చిన సూపర్ నింటెండోల్లో పైసగం ముదురు పసుపుకు తిరిగి, కిందిసగం బూడిద రంగులోనే నిలిచినవి ఎన్నో ఉన్నాయి. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద పెరిగిన రెండు సగాలు!

విరుగుడు 2007లో జర్మనీలోని పాత కంప్యూటర్ల అభిమానుల మధ్య మొదలైంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానేసిన ప్లాస్టిక్ తెల్లబడుతోందని గమనించారు. 2008 నాటికి ఇంగ్లిష్ మాట్లాడే అభిమానులు దానికి బట్టల పొడిలోని చురుకు పదార్థాన్ని, అతినీలలోహిత కాంతిని జతచేసి రెట్రోబ్రైట్ అని పేరు పెట్టారు. పెరాక్సైడ్ మనకు కొత్తది కాదు. పుండు మీద పోస్తే నురగలు కక్కే మందు అదే, నూలును తెల్లబరచడానికి మిల్లుల్లో వాడేదీ అదే. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే 6 శాతం, జుట్టు రంగుకు వాడే డెవలపర్ క్రీమ్ మీద 40 వాల్యూమ్ అని ఉంటే 12 శాతం అని లెక్క. మిల్లుల్లో వాడే 50 శాతం ద్రావణం జోలికి మాత్రం పోవద్దు. చర్మాన్ని కాల్చేస్తుంది, చెత్తకు తగిలితే నిప్పు పుట్టిస్తుంది.

మొదటి పని మందు కాదు, సబ్బునీళ్లు. నేను చూసిన పెట్టెల్లో గాలి ఆడే చీలికల నిండా క్వారీ దుమ్ము గట్టిపడి, దాని మీద వంటింటి జిడ్డు పేరుకుని ఉంటుంది. సగం పసుపు అదే. స్టార్ స్క్రూలు విప్పి, బోర్డు, స్ప్రింగులు, రబ్బరు గుండీలు, స్టిక్కర్లు తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరబెట్టాక, ఇంకా పసుపు మిగిలితే అప్పుడు పెరాక్సైడ్. పెట్టెలో మెరూన్ రంగు ముక్కలుంటే వాటిని ఇందులో వేయకండి, రంగు వెలిసిపోతుంది.

క్రీమ్ పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టడం ఒక పద్ధతి. మన ఏప్రిల్ ఎండకు అది చప్పున ఆరిపోతుంది. ఆరిన చోట ఒక రకం, తడి ఉన్న చోట ఇంకో రకం తెలుపు వచ్చి, మేఘాల్లాంటి మచ్చలు నిలిచిపోతాయి. వాటిని పోగొట్టడం అసలు పసుపును పోగొట్టడం కంటే కష్టం. అందుకని నా ఓటు తొట్టికే. పారదర్శకమైన డబ్బాలో పల్చటి పెరాక్సైడ్ ద్రావణం పోసి ముక్కను పూర్తిగా ముంచాలి. కాసేపటికి ఒంటినిండా సన్నటి బుడగలు పట్టి ముక్క పైకి తేలుతుంది. తేలిన అంచున గీత పడుతుంది. బుడగలు దులుపుతూ, తిప్పుతూ ఉండాలి. మూత బిగించకూడదు, ఆక్సిజన్ పుట్టి డబ్బా పగలొచ్చు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సంక్రాంతి నాటి ఎండ దీనికి చక్కగా సరిపోతుంది. వానిష్ లాంటి మరకల పొడుల్లోని సోడియం పర్‌కార్బనేట్‌ను వేడినీళ్లలో కలిపినా పెరాక్సైడే విడుదలవుతుంది, పని నిదానం.

రాయి ఊళ్లో ఉంటూ పాలిష్ సంగతి అడగకపోతే ఎలా? అరగదీస్తే పోదా అంటే, పోతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఎంత లోతుకు కోసినా చుక్కలు ఉంటాయి కాబట్టి రాయిని ఎంత అరగదీసినా అందం తగ్గదు. ప్లాస్టిక్ పసుపు పైపొరలోనే ఉంటుంది నిజమే, కానీ అచ్చులో పోసినప్పుడు వచ్చిన సన్నటి గరుకు, చెక్కిన అక్షరాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. గరుకు కాగితంతో అవీ పోతాయి. రంగు వేసెయ్యడం అంతకన్నా అన్యాయం.

పెరాక్సైడ్‌తో వచ్చిన తెలుపైనా శాశ్వతం కాదు. ది 8-బిట్ గై పేరుతో వీడియోలు చేసే అమెరికన్ డేవిడ్ మర్రీ ఈ పద్ధతులను ఏళ్ల తరబడి చూపించాడు. తెల్లబరిచిన వాటిలో కొన్ని మళ్లీ పసుపెక్కడాన్నీ చూపించాడు. తెగిపోయిన ప్లాస్టిక్ అణువుల గొలుసులు తిరిగి అతుక్కోవు, పోయేది రంగు మాత్రమే. పెళుసెక్కిన పెట్టె తెల్లబడ్డాక కూడా పెళుసే.

పాత గేములు కొని, తెల్లబరిచి అమ్మేవారికి ఒక మనవి: ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పండి. రెండేళ్లకు పసుపు తిరిగొచ్చినప్పుడు వాళ్లు మిమ్మల్ని తిట్టుకోకూడదు. అటక మీద పెట్టె ఉన్నవారు దాన్ని పాత సామాను బండికి వేసే ముందు సరైన అడాప్టర్ వెతకండి. చాలావాటికి 9 వోల్టులు సరిపోతాయి, ప్లస్ మైనస్‌లు ఎటువైపో పెట్టె మీది గుర్తు చూసుకోండి. క్యాసెట్ పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి ఒక్కసారి పెట్టి చూడండి. ఎక్కువ భాగం ఆటలు ఇప్పటి టీవీల మీదా ఆడతాయి. బాతులను కాల్చే ఆటలోని తుపాకీ మాత్రం వాటి మీద పనిచేయదు, దానికి పాత డబ్బా టీవీయే కావాలి.