బోరు లోతుకు దించితే ఉప్పు పైకొస్తుంది

మాది బాపట్ల వైపు, సముద్రానికి దగ్గరి ఇసుక నేల. వేసవి వచ్చిందంటే మా దగ్గర ఒకటే మాట: "నీళ్లు ఉప్పు తగులుతున్నాయి, బోరు ఇంకో 20 అడుగులు దించుదాం." దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చెప్తాను.

తీరం దగ్గర భూమిలో ఉప్పునీరు అడుగున, వాన నీరు దాని మీద తేలుతూ ఉంటాయి. సముద్రపు నీరు కాస్త బరువు కాబట్టి అలా. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే 1 అడుగు ఎత్తులో ఉంటే, కింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరు నిలుస్తుందని లెక్క. అదే లెక్కన, గట్టిగా తోడి మట్టం ఒక్క అడుగు తగ్గించామంటే, ఉప్పు 40 అడుగుల దాకా పైకి ఎగబాకే అవకాశం ఉంది. ఒక్కరోజులో రాదు గానీ, వచ్చిందంటే తిరిగి దిగడానికి ఏళ్లు పడుతుంది. పైగా ఆ నీటి పొర ఊరందరిదీ. ఒకరు లోతుకు పోతే పక్కవాళ్ల ఫిల్టర్ పాయింట్ కూడా ఉప్పవుతుంది.

మన పెద్దలు ఇసుకలో దొరువులు తవ్వి, పైపైన తేలే నీళ్లే తోడుకున్నారు. బాపట్ల శాస్త్రవేత్తలు దాన్నే మెరుగుపరిచారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు వేసి, నీళ్లు ఒక బావిలోకి చేరేలా చేస్తారు. లోతుకు పోకుండా పై పొర నీళ్లే అందుతాయి.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మోటారు వేయగానే ఒకసారి, 2 గంటల తర్వాత ఒకసారి ఈసీ మీటరు పెట్టి చూడండి. అంకె పెరుగుతోందంటే కింద ఉప్పు లేస్తున్నట్టే. మోటారు ఆపి, కొద్దికొద్దిగా తోడుకోండి. 0.7 లోపు ఉంటే ఏ పంటకైనా భయం లేదు. 3 దాటితే చిక్కుడు లాంటివి తట్టుకోవు.

జీవామృతం పోస్తే ఉప్పు పోతుందా అని చాలామంది అడుగుతున్నారు. పోదండీ. ఉప్పును కిందికి కడిగేది వాన నీరే. మరి మన పద్ధతి వల్ల లాభమేంటంటే, ఆచ్ఛాదన వేస్తే తేమ ఆరదు, ఉప్పు నేల పైకి తేలదు. సేంద్రియ పదార్థం పెరిగితే తడులు తగ్గుతాయి. తోడేది తగ్గితే మంచినీటి పొర నిలుస్తుంది. వానాకాలంలో గట్లు వేసి, పొలంలో పడ్డ చినుకును అక్కడే ఇంకించండి.

మీటరు ఎలా పెట్టాలో, దొరువు ఎలా ఉంటుందో వీడియోలో చూపించాను. బోరు బండిని పిలిచే ముందు, పక్క పొలం రైతుతో కలిసి ఒకసారి చూడండి.