మీకు తెలుసా? ఓటమి లేని రికార్డు, ఓటమికి వెరవని నిఖత్

బాక్సర్ రాకీ మార్సియానో 49 పోటీలాడి ఒక్కటీ ఓడకుండా 1956లో రిటైరయ్యాడు. 2017లో ఫ్లాయిడ్ మేవెదర్ 50కి చేరాడు. అయితే మ్యానీ పకియావ్‌తో అతని పోరుకు 2009లో మొదలైన మంతనాలు తేలేసరికి 2015 వచ్చింది. అప్పటికి ఇద్దరూ ముప్పై అయిదు దాటేశారు. మేవెదర్ ఘనత గురించి మాట్లాడినప్పుడల్లా ఆ ఆలస్యం చర్చకొస్తూనే ఉంటుంది.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ దారి వేరు.

ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ఎవరు వెళ్లాలో ట్రయల్‌లోనే తేల్చాలని 2019లో పట్టుబట్టింది. అవతల ఉన్నది ఆరుసార్లు ప్రపంచ విజేత మేరీ కోమ్! ఆ డిసెంబరులో ఢిల్లీ రింగులో నిఖత్ 9-1తో ఓడింది. ఎంత గుండెదిటవు కావాలి!

2022 ఇస్తాంబుల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అయిదుగురు జడ్జీలూ నిఖత్‌నే గెలిపించారు. 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్. పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనాకు చెందిన వూ యూ ప్రీక్వార్టర్స్‌లోనే ఆమెను ఆపింది. చివరికి స్వర్ణమూ వూ యూదే.