మన బాలికలు – ఖగోళవిద్య

ఆడుపిల్లకు భౌతికశాస్త్ర మెందులకు, నక్షత్రములను లెక్కించినచో ఇల్లు గడచునా యని మన యిండ్లలో నేటికిని కొందఱు పెద్దలు అడుగుచుందురు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. తగిన సమాధానము చెప్పవలయును. నల్లగొండ, పాలమూరు సీమలవారికి ఆ సమాధానము తమ యాకాశముననే కలదు.

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటకము మీదుగా వచ్చి, ఈ రెండు జిల్లాలపై నడచి, తూర్పు సముద్రమునకు సాగిపోయెను. పట్టపగలు సుమారు రెండు నిమిషములు చీకటి క్రమ్మెను. నాడు దేశమున ననేకులు తలుపులు మూసికొని లోపలనే యుండిరి. ఆ సమయముననే హైదరాబాదునకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున, జాపాల-రంగాపూరు వేధశాలయందు, శాస్త్రజ్ఞులు ఆ రెండు నిమిషములకై యంత్రములను సిద్ధపఱచుకొని కాచుకొనియుండిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి యీ వేధశాలలో 48 అంగుళముల దూరదర్శిని 1968లో పని ప్రారంభించినది. నీడ యొక్కటియే, భేదము చదువునం దున్నది.

సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు సుమారు 400 రెట్లు. మననుండి సూర్యుని దూరమును చంద్రుని దూరమునకు సుమారు 400 రెట్లు. కావుననే రెండు బింబములును ఒకే పరిమాణముగా కన్పట్టి, ఒకటి రెండవదానిని కప్పగలుగుచున్నది. కళాశాలలో చదువు బాలిక ఈ లెక్కను కాగితముపై చేసి చూపగలదు. గ్రహణమును సూటిగా చూచుట కన్నులకు హానికరమనియు, వండిన యన్నమునకు మాత్రము దానివలన దోషము లేదనియు తల్లికి నచ్చజెప్పగలదు.

వంటయింటి సంగతియే చూడుడు. చారు పొంగి గ్యాసు పొయ్యిపై పడినపుడు నీలిమంట పసుపువన్నెకు మారును. ఉప్పులోని సోడియమే దానికి కారణము. బి.ఎస్సీ. ప్రయోగశాలలో విద్యార్థిని సోడియము దీపపు కాంతిని స్పెక్ట్రోమీటరు అను యంత్రముతో పరిశీలించును. ఆ పసుపు ఒక్క గీత కాదు, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యములుగల రెండు గీతలని కనుగొనును.

ఇట్టి సూక్ష్మపరిశీలన యెంత ఫలమిచ్చునో తెలుగునాడు మునుపే చూచినది. 1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణమునాడు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు జాన్సెనును, మచిలీపట్టణమున మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సనును సూర్యుని యంచున లేచు జ్వాలల వెలుగును పరిశీలించిరి. ఆ వెలుగున నొక పసుపు గీత కానవచ్చెను. అది సోడియపు గీతయని మొదట తలచిరి; కాని దాని స్థానము కొంచెము వేఱు, 587.6 నానోమీటర్లు. అది భూమిపై నెవరును ఎఱుగని మూలకమని ఇంగ్లండున లాక్యరు గ్రహించెను. అదియే హీలియము. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజమునుండి రాబట్టెను. ఆ కొంచెపు భేదమును ఉపేక్షింపనందుననే క్రొత్త మూలకము లభించినది.

ఇక జీవనోపాధి మాట. చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివిన అన్నా మణి వాతావరణ పరికరములను మన దేశముననే తయారుచేయించి, భారత వాతావరణ శాఖలో ఉన్నతపదవి నిర్వహించి 1976లో విశ్రాంతి గైకొనెను. ఆ చదువు ఆమెకు అన్నమును పెట్టినది, దేశమునకును ఉపకరించినది.

నేడు నల్లగొండలోను, మహబూబునగరములోను బాలికలకు ప్రత్యేక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. నల్లగొండలో 2007లోను, పాలమూరున 2008లోను విశ్వవిద్యాలయములు వెలసినవి. డిగ్రీ ముగించి ఖగోళశాస్త్రము కోరువారికి ఉస్మానియాలో ఆ శాఖయే కలదు. తల్లులు చేయవలసినది రెండు పనులు. కుమార్తె ఇంటర్మీడియట్టులో గణితమును విడువకుండ చూడవలయును. గణితము లేనిదే భౌతికశాస్త్రము సాగదు. ప్రయోగములు ముగించుకొని ప్రొద్దుపోయి వచ్చిననాడును, నక్షత్రములు చూచుటకు రాత్రి మేడయెక్కిననాడును ఆమెను గద్దింపక తోడు నిలువవలయును.

వధువునకు పెండ్లినాడు అరుంధతిని చూపుట మన యాచారము. ఆ ప్రక్కనున్న వసిష్ఠ నక్షత్రము కంటికి ఒకటియే. దూరదర్శినిలో రెండుగా కన్పట్టును. ఈ సంగతి మన బాలికలు పెండ్లిపీటలపై కూర్చుండుటకు ముందే, కళాశాలలో, తమ కన్నులతో తామే చూచి తెలిసికొందురు గాక!