క్రియాటినిన్ నార్మల్ అంటే కిడ్నీలు బాగున్నట్టేనా?

కిడ్నీ జబ్బు అనగానే తెలుగువాళ్లకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడయ్యాయి. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అయినా కిడ్నీ జబ్బంటే ఎక్కడో నీళ్లు బాగాలేని ఊళ్లదని అనుకునేవాళ్లు చాలామంది. కానీ హైదరాబాద్ అంచున ఉన్న నాదర్‌గుల్ లాంటి ఊళ్లలో భయపడాల్సింది నీళ్లకన్నా షుగర్, బీపీలకే. ప్రపంచమంతటా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు పెద్ద కారణాలు ఆ రెండే.

‘వచ్చేదాకా తెలియదు’ అన్నది ఇంకో అపోహ. ముప్పు ఎవరికో ముందే అంచనా వేయొచ్చు.

మనవాళ్లు ఎందరో పనికి వెళ్లే ఎమిరేట్స్‌లో, అల్ ఐన్ పట్టణంలో, గుండె జబ్బు లేదా దాని ముప్పు ఉన్న 491 మంది స్థానికులను తొమ్మిదేళ్లు గమనించారు. 56 మందికి కిడ్నీ జబ్బు వచ్చింది. పెద్ద వయసు, గుండె జబ్బు, షుగర్, పొగ అలవాటు ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. ఇవి ఎవరినైనా అడిగి తెలుసుకోగలిగినవే. అమెరికాలో 2007లో వచ్చిన ‘స్కోర్డ్’ అనే పాయింట్ల లెక్క కూడా ఇలాంటిదే. యాభైల్లో ఉంటే 2, ఆడవాళ్లయితే 1, బీపీకి 1, షుగర్‌కు 1. మొత్తం నాలుగు వస్తే చాలు, పరీక్ష చేయించాలి. బీపీ, షుగర్ ఉన్న 55 ఏళ్ల అమ్మకు అప్పటికే ఐదు!

ఇక రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ 1.1 చూసి ‘నార్మలే’ అని మడిచి పెట్టేయడం మరో పొరపాటు. అదే 1.1కి 25 ఏళ్ల కుర్రాడి కిడ్నీ వడపోత (ఈజీఎఫ్ఆర్) దాదాపు 95. అరవై ఏళ్ల ఆవిడకు 57 మాత్రమే. అరవైకి తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే అది కిడ్నీ జబ్బే. వడపోత బాగున్నా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుండొచ్చు. కాళ్ల వాపులు రాకముందే దాన్ని పట్టిచ్చేది మూత్ర పరీక్ష. షుగర్ ఉన్నవాళ్లకు ఏటా ఈజీఎఫ్ఆర్, మూత్ర పరీక్ష రెండూ చేయాలి.

‘బీపీ గోలీలతో కిడ్నీలు పోతాయి’ అని మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. టెల్మిసార్టాన్ లాంటివి, ముఖ్యంగా ఆల్బుమిన్ పోతున్నప్పుడు, కిడ్నీని కాపాడతాయి. మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు, అందుకే కొన్ని వారాలకు రక్తపరీక్ష రాస్తారు. జాగ్రత్తపడాల్సింది మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్‌తో. బీపీ గోలీ, ఒంట్లో నీరు తీసే గోలీ వాడుతూ దాన్ని కూడా కలిపితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు.