రాత్రి పిడుగుల వాన వస్తుంటే ఫోన్‌లో ఏం చూడాలి? వైజాగ్ తీరంలో మేం ట్రాక్ చేసిన ఒక రాత్రి

మే నెలలో ఉత్తరాంధ్ర తీరంలో ఉండేవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. పగలంతా ఉక్కపోత. సాయంత్రానికి వాయవ్యం వైపు, అరకు కొండల మీద మబ్బు కడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక ఆ వైపు చప్పుడు లేని మెరుపులు మొదలవుతాయి. ఫోన్ తీసి వెదర్ యాప్ చూస్తే "40% వర్షం" అని ఉంటుంది. ఆ 40 శాతాన్ని పట్టుకుని ఏం చేయాలి? మేడ మీద పరుపులు వేసుకోవాలా వద్దా? బైక్ తీయాలా, కాసేపు ఆగాలా?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. వాతావరణ శాస్త్రం చదువుకోలేదు. కానీ మా బీటెక్ బ్యాచ్‌లో నలుగురికి ఈ పిచ్చి ఉంది. ఒకడు ఎస్.కోటలో, ఒకడు విజయనగరంలో, ఒకడు భీమిలిలో, నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటాం. వేసవి వస్తే మా వాట్సాప్ గ్రూప్‌లో క్రికెట్ కంటే మబ్బుల గురించే ఎక్కువ మాటలు. ఇన్నాళ్లలో మాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. వెదర్ డేటా విషయంలో "ఇది కరెక్టేనా" అనే ప్రశ్న కంటే ముందు "ఇది ఎంత పాతది" అని అడగాలి. మన భాషలో చెప్పాలంటే లేటెన్సీ. గంటకి 40 కి.మీ. వేగంతో వచ్చే గాలివాన 15 నిమిషాల్లో 10 కి.మీ. ముందుకి వచ్చేస్తుంది. మీ స్క్రీన్ మీద మాత్రం అది ఇంకా అక్కడే ఉంటుంది.

ఇది సరదా విషయం మాత్రమే కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. తొమ్మిదేళ్ల పాపతో సహా తొమ్మిది మంది చనిపోయారు.

ముందు తెలుసుకోవాల్సింది: అది అంచనానా, నిజంగా చూసిందా?

విండీ లాంటి యాప్ ఓపెన్ చేయగానే కనిపించే రంగుల వాన చాలామంది రాడార్ అనుకుంటారు. అది మామూలుగా కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ భూమిని సుమారు 9 కి.మీ. గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. వేసవి ఉరుముల మేఘం ఒక్కోసారి మొత్తం కలిపి అంతే ఉంటుంది. అంటే మోడల్‌కి అది దాదాపు ఒక పిక్సెల్. "ఈ రోజు ఉత్తరాంధ్రలో ఉరుములకి ఛాన్స్ ఉంది" అని చెప్పడానికి మోడల్ చక్కగా పనికొస్తుంది. "పదిన్నరకి భీమిలి మీదకి వస్తుందా" అన్నది దానికి వదిలేయకూడదు. దానికి అసలు ఇప్పుడు ఏం జరుగుతోందో చూసే సోర్స్‌లు కావాలి. అవి మూడు.

1. శాటిలైట్: రాత్రి మామూలు కెమెరా పనిచేయదు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలే గతి. మన ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉందో కొలుస్తాయి. ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తు పెరిగినట్టు. ఒక్కో శాటిలైట్ నుంచి అరగంటకోసారి ఫోటో. మబ్బు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి బాగుంటుంది. ఒక చిక్కుంది. గాలివాన పెద్దదయ్యాక పైన గొడుగులా మంచు మేఘం పరుచుకుంటుంది. దాని కింద వాన ఎక్కడ పడుతోందో, ఎక్కడ ఆగిపోయిందో ఇన్‌ఫ్రారెడ్‌లో తెలియదు.

2. రాడార్: వైజాగ్ కైలాసగిరి మీద ఐఎండీ డాప్లర్ రాడార్ ఉంది. ఐఎండీ వెబ్‌సైట్‌లో రాడార్ పేజీకి వెళ్లి విశాఖపట్నం ఎంచుకుంటే ఫోటోలు ఫ్రీగా కనిపిస్తాయి. రంగుల పక్కన ఉండే డీబీజెడ్ స్కేల్ చూడండి. 20 చుట్టూ ఉంటే చినుకులు, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే కుండపోత, ఒక్కోసారి వడగళ్లు. రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫోటో మీద టైమ్ చాలాసార్లు యూటీసీలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలపాలి. 16:20 కనిపిస్తే మనకి రాత్రి 9:50. రెండు, రాడార్ కిరణం తిన్నగా వెళ్తుంటే కింద భూమి వంగిపోతూ ఉంటుంది. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం 100 కి.మీ. దూరంలో దాదాపు కిలోమీటరున్నర ఎత్తులో, 250 కి.మీ. దూరంలో ఆరు కి.మీ. ఎత్తులో ఉంటుంది. సముద్రంలో దూరంగా ఉన్న వాన అడుగుభాగం దానికి అందదు. ఇంకో విచిత్రం, రాడార్‌కి సరిగ్గా నెత్తి మీద ఉన్న మేఘం కూడా పూర్తిగా కనిపించదు. యాంటెన్నా నిటారుగా పైకి చూడదు కదా.

3. మెరుపుల మ్యాప్: పూణేలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ప్రతి తెలుగు ఫోన్‌లో ఉండాలి. మీ చుట్టూ 20, 40 కి.మీ. వృత్తాలు గీసి పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా వలంటీర్లు నడిపే బ్లిట్జోర్టంగ్ అనే నెట్‌వర్క్ కూడా ఉంది. దాని పనితీరు మనలాంటి వాళ్లకి నచ్చుతుంది. మెరుపు మెరిసినప్పుడు రేడియో తరంగం కూడా పుడుతుంది. అది ఒక్కో రిసీవర్‌కి ఒక్కో టైమ్‌కి చేరుతుంది. జీపీఎస్ గడియారంతో ఆ తేడాలు కొలిచి పిడుగు ఎక్కడ పడిందో లెక్కగడతారు. ఒక మైక్రోసెకండ్ తేడా వస్తే 300 మీటర్లు! ఈ మూడింట్లో లేటెన్సీ తక్కువ దీనికే, సెకన్లలో మ్యాప్ మీదకి వస్తుంది. కాకపోతే చుట్టుపక్కల రిసీవర్లు తక్కువ ఉన్నచోట కొన్ని మెరుపులు తప్పిపోతాయి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

పోయిన మే నెలలో ఒక శనివారం. సాయంత్రం ఏడింటికి శాటిలైట్‌లో కోరాపుట్, అరకు మధ్య రెండు తెల్లటి చుక్కలు. ఎండకి వేడెక్కిన కొండల మీద మేఘం పుడుతుంది. సముద్రపు గాలి తెచ్చే తేమ దానికి బలం ఇస్తుంది. పైన వీచే వాయవ్య గాలి దాన్ని తీరం వైపు తోస్తుంది. ఈ మూడూ కుదిరితే రాత్రికి మన మీదకే.

8:30కి రాడార్‌లో అరకు దగ్గర 50 డీబీజెడ్ దాటిన ఎర్ర ముద్ద.

9:25కి ఎస్.కోట నుంచి వాయిస్ మెసేజ్: "రేయ్, దుమ్ము లేచిపోతోంది, వాన మొదలైంది, కరెంటు పోయింది." వెనకాల రేకుల మీద చప్పుడు వినిపిస్తోంది. అరకు నుంచి ఎస్.కోట తిన్నగా 37 కి.మీ. దాకా ఉంటుంది. దాదాపు గంటలో వచ్చింది. అక్కడి నుంచి అదే గీతలో ముందుకెళ్తే భీమిలి, ఇంకో 40 కి.మీ. అంటే పదిన్నర. ఇది ఏ యాప్ చెప్పింది కాదు, ఆరో తరగతి లెక్క.

విజయనగరం వాడు "ఇక్కడ చుక్క లేదు, పక్క నుంచి మెరుపులు మాత్రం తెగ కనిపిస్తున్నాయి" అన్నాడు. ఇలాంటి మెసేజ్‌ని తీసిపారేయకూడదు. వాన అంచు ఎక్కడుందో దాంతోనే తెలుస్తుంది.

భీమిలి వాడు ట్రైపాడ్ పట్టుకుని బీచ్‌కి వెళ్లాడు. 10:08కి రాడార్ పేజీలో ఉన్న ఫోటో 9:50ది. అందులో వాన భీమిలికి 25 కి.మీ. దూరంలో ఉంది. "టైమ్ ఉంది మావా, ఇంకో అరగంట షూట్ చేసుకోవచ్చు" అన్నాడు. ఫోటో వయసు 18 నిమిషాలు, కాబట్టి 11 కి.మీ. తీసెయ్యమన్నాను. నాలుగు నిమిషాలకి మెరుపుకి, ఉరుముకి మధ్య గ్యాప్ లెక్కపెట్టాడు. 24 సెకన్లు. ధ్వని కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. అంటే పిడుగు ఎనిమిది కి.మీ. దూరంలో పడింది. వాన ముద్ద కంటే ముందే పిడుగులు పడతాయి. గ్యాప్ 30 సెకన్ల లోపుకి వస్తే లోపలికి వెళ్లిపోవాలన్నది ప్రపంచమంతా వాడే రూల్. మారు మాట్లాడకుండా ట్రైపాడ్ మడిచాడు.

దారిలో వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఇసకలో ఆరబెట్టిన ఎండు చేపల మీద రాత్రికి టార్పాలిన్ కప్పి ఉంచుతారు. ఆవిడ, పక్కింటివాళ్లు కలిసి చేపలన్నీ గంపల్లోకి ఎత్తేశారు. 10:19కి ఈదురుగాలి వచ్చి టార్పాలిన్‌ని ఎక్కడికో లేపుకుపోయింది. 10:31కి వాన.

మీ ఫోన్‌లో బారోమీటర్ ఉందా?

ఈ సైట్ చదివేవాళ్లు కెమెరా మెగాపిక్సెల్స్ చూస్తారు కానీ స్పెక్స్ షీట్ చివర్లో ఉండే సెన్సర్ల లిస్ట్ చూడరు. ఐఫోన్ 6 నుంచి మెయిన్ ఐఫోన్‌లలో, చాలా ఫ్లాగ్‌షిప్ ఆండ్రాయిడ్‌లలో బారోమీటర్ ఉంటుంది. బడ్జెట్ ఫోన్లలో ఎక్కువగా తీసేస్తారు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ వేసుకుని "ప్రెషర్" నొక్కితే లైవ్ గ్రాఫ్ వస్తుంది.

వాన నుంచి కిందకి దిగే చల్లటి గాలి బరువుగా ఉంటుంది. అది నేల మీద పరుచుకుంటూ ముందుకి వస్తే ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ రాత్రి టేబుల్ మీద పెట్టిన నా ఫోన్‌లో 12 నిమిషాల్లో 1.6 హెక్టోపాస్కల్ పెరిగింది. కిటికీ తలుపులు కొట్టుకోవడం సరిగ్గా అప్పుడే మొదలైంది. రికార్డ్ చేస్తూ లిఫ్ట్ ఎక్కకండి. ఎనిమిది మీటర్లు ఎత్తు మారితే సుమారు ఒక హెక్టోపాస్కల్ మారిపోతుంది. అది తుఫాను అనుకుంటే నవ్వులపాలే.

రాత్రి ఒంటిగంటన్నరకి వచ్చిన కాల్

వైజాగ్‌లో వాన తగ్గాక పడుకుందామనుకుంటే భీమిలి వాడు కాన్ఫరెన్స్ కాల్ పెట్టాడు. లైన్‌లో వాళ్ల మావయ్య. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, మోటారు లేని తెప్పలకి మినహాయింపు. ఆయనది తెప్ప. మూడింటికి దించాలి.

"ఏటి బాబూ, మీ ఫోన్లో ఏటుంది? ఎల్లొచ్చా?"

నా ముందు నాలుగు ట్యాబ్‌లు ఓపెన్‌లో ఉన్నాయి. శాటిలైట్‌లో సముద్రమంతా తెల్లగా పరుచుకున్న మేఘం, కింద ఏముందో తెలియదు. రాడార్‌లో తీరానికి 60 కి.మీ. దూరంలో వాన, ఫోటో వయసు 20 నిమిషాలు. మెరుపుల మ్యాప్‌లో పది నిమిషాలుగా చుక్క లేదు. ఆ ఖాళీ చూసి "క్లియర్" అనడం చాలా తేలిక. కానీ చుక్క లేకపోవడం అంటే మెరుపు లేదని కాదు, సెన్సర్‌కి అందలేదని కూడా కావచ్చు.

అందుకే వెళ్లొచ్చు అనలేదు, వద్దు అనీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మావయ్యా, సముద్రంలో వాన ఇంకా ఉంది. ఇది 20 నిమిషాల కిందటి ఫోటో. మెరుపులు మ్యాప్‌లో కనబడట్లేదు. ఐఎండీ వాళ్ల హెచ్చరిక మాత్రం ఇంకా తీయలేదు. మీకు అక్కడ ఏం కనిపిస్తోంది?"

ఆయన బయటికి వచ్చి చూశాడు. "తూరుపు దిక్కు ఇంకా మెరుస్తంది బాబూ. మెరుపు కనిపిస్తన్నంతసేపు తెప్ప దించం." లేటెన్సీ సున్నా ఉన్న సెన్సర్ ఆయన కళ్లే. ఆ రోజు తెల్లారి ఆరింటికి వేటకి వెళ్లాడు.

మనలాంటి హాబీ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. చూసింది, చూసిన టైమ్‌తో సహా చెప్పండి. "ఏం పర్లేదు, వెళ్లిపోండి" అనే మాట మాత్రం మనం అనకూడదు. హెచ్చరికలు ఐఎండీ, విపత్తు నిర్వహణ సంస్థలు ఇస్తాయి. ఎన్‌డీఎంఏ వాళ్ల సచేత్ యాప్‌లో అవి లొకేషన్ ప్రకారం వస్తాయి.

మెరుపు ఫోటో కావాలంటే

ఇంట్లోంచే, కిటికీ వెనక నుంచి తీయండి. మేడ మీదకి వద్దు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 8 నుంచి 10 సెకన్లు, ఫోకస్ ఇన్ఫినిటీ, ఫోన్ కదలకుండా స్టాండ్. నైట్ మోడ్ వాడొద్దు. అది చాలా ఫ్రేమ్‌లు కలిపి మెరుపు గీతని పలచన చేసేస్తుంది. 4కే వీడియో తీసి ఫ్రేమ్ కట్ చేసుకోవచ్చు. కాకపోతే ఫోన్ సెన్సర్ ఫోటోని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి కొన్ని ఫ్రేమ్‌లలో సగం మాత్రమే వెలుగు పడుతుంది.

ఇంకో డౌట్ చాలామందికి ఉంది: మొబైల్ పిడుగుని లాగుతుందా? లాగదు. కానీ ఛార్జర్‌కి పెట్టిన ఫోన్ చేతిలో ఉంటే ప్రమాదమే, కరెంటు తీగ ద్వారా సర్జ్ వస్తుంది. ఉరుములు వినిపిస్తుంటే ప్లగ్ తీసేయండి. టీవీ, రౌటర్ కూడా.

ఈ వేసవికి చెక్‌లిస్ట్

- సాయంత్రం ఐదింటికే ఫోన్, పవర్ బ్యాంక్ ఛార్జ్ చేసుకోండి. వాన వచ్చాక కరెంటు ఉండదు.
- దామిని, సచేత్ యాప్‌లు ముందే ఇన్‌స్టాల్ చేసి లొకేషన్ ఆన్ చేయండి.
- రాడార్ చూస్తే ముందు టైమ్ చూడండి. రంగులు తర్వాత.
- మీకు వాయవ్యంగా 30-40 కి.మీ. దూరంలో ఒక ఫ్రెండ్ ఉంటే ఈ రోజే గ్రూప్‌లో యాడ్ చేయండి.
- మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే లోపలికి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి.

మీ ఫోన్‌లో బారోమీటర్ ఉందో లేదో ఇప్పుడే సెట్ చేసి చూసుకోండి. వచ్చే వానకి గ్రాఫ్ రెడీగా ఉంటుంది.